సున్నం గోడల శిక్షణ కేంద్రం

నాగరికత చక్రంతో మొదలైందని కొందరు, నిప్పుతో మొదలైందని కొందరు వాదిస్తుంటారు. రెండూ తప్పే. నాగరికత శంకుస్థాపనతో మొదలైంది. చక్రం దొర్లడానికి పనికొచ్చింది, నిప్పు వండుకోవడానికి పనికొచ్చింది, శంకుస్థాపన మాత్రం దేనికీ పనికిరాకుండానే ఇన్నేళ్లు నిలదొక్కుకుంది. ప్రజల పన్నులతో కట్టతలపెట్టిన ప్రాంతీయ ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రం శిలాఫలకాన్ని చూసినవాళ్లెవరూ దాని మన్నికను శంకించలేరు. ఐదేళ్ల ఎండకూ వానకూ ఒక్క అక్షరం చెరగలేదు. దాని వెనకాల ఉండాల్సిన కేంద్రం కూడా ఈ ఐదేళ్లలో ఎక్కడా చెక్కుచెదరలేదు (లేనిది చెదరదు, ఇంజినీరింగులో ఇది మొదటి పాఠం).

అంతకు ముందు ఆ స్థలం ఖాళీగా పడి ఉండేదనుకుంటే పొరపాటు. అక్కడ ఒక ఫుట్‌బాల్ మైదానం ఉండేది. పిల్లలు రోజూ ఆడుకునేవారు. ఫుట్‌బాల్‌ను అభివృద్ధి చెయ్యాలంటే ముందుగా అక్కడ ఫుట్‌బాల్ ఆడటం ఆపించాలని నిపుణుల సంఘం తేల్చడంతో, చుట్టూ రేకుల కంచె వేసి, గేటుకు తాళం పెట్టి, బోర్డు తగిలించారు: “ఆటల కేంద్రం నిర్మాణంలో ఉన్నది. ఇచ్చట ఆటలాడరాదు.” అనుకున్న గడువులో పూర్తయిన పని ఆ బోర్డొక్కటే.

ఆ గేటు తాళంచెవి ఉన్న మనిషి ఒక్కడే. ఆయన్ని అందరూ సున్నం తాత అంటారు. ముప్పై ఏళ్లుగా ఆ మైదానానికి గీతలు గీసే ఉద్యోగం ఆయనది. ప్రతి సోమవారం పొద్దున్నే మేకులు పాతి, తాడు బిగించి, అడుగున చిల్లులున్న డబ్బాలో సున్నపు పొడి పోసుకుని, దాన్ని తాడు వెంబడే ఆడిస్తూ నడుస్తాడు. మధ్యలో వలయం కోసం మేకుకు పది గజాల తాడు కట్టుకుని చుట్టూ తిరుగుతాడు. మైదానం మూసినప్పుడే ఆయన ఉద్యోగాన్నీ రద్దు చెయ్యాలి గానీ, ఆ ఫైలు ఒక బల్ల వెనక పడిపోయింది. అందువల్ల తాత ఇప్పటికీ ప్రతి సోమవారం లోపలికి వెళ్లి, ఎవరూ ఆడని మైదానానికి వేలెడంత తేడా రాకుండా గీతలు గీసి, తాళం వేసుకుని వస్తున్నాడు.

ఆయనకో మనవరాలుంది, కూతురి కూతురు. ఎడమకాలి వాటం. కంచె రాకముందు తాత గీస్తుంటే వెనకాలే బంతి తన్నుకుంటూ తిరిగేది. “గీత తొక్కకే” అని ఆయన అరిచేవాడు. ఆ మాట ముప్పై ఏళ్లలో కొన్ని వందల మంది పిల్లలకు చెప్పి ఉంటాడు. ఒక్కరూ విన్న పాపాన పోలేదు. బంతి వెంట పడ్డవాళ్లకు గీతలేం కనపడతాయిలే అని మళ్లీ తనే నవ్వుకునేవాడు.

ఇప్పుడా పిల్ల సందులో ఆడుతోంది. బంతి పక్కింటి గోడ దూకితే వెనకాలే తనూ దూకుతుంది. ఆ ఇంట్లో మిషను కుట్టే ఆవిడ, గేటుంది కదా, బెల్లు కొట్టి రావచ్చు కదా అని మొత్తుకుంటే, “అంతలోపు బంతి ఆగిపోతుందత్తా” అంటుంది. తాత పైకి చివాట్లు పెట్టి లోపల మురిసిపోతాడు.

చిక్కల్లా వయసుతో వచ్చింది. కేంద్రం మొదటి బ్యాచ్‌లో చేరాలంటే చేరేనాటికి పద్నాలుగేళ్లు నిండకూడదు. (రెండో బ్యాచ్ ఎప్పుడని అడగడం మొదటి బ్యాచ్‌ను శంకించడం కిందికి వస్తుంది.) కేంద్రం ప్రకటించినప్పుడు పిల్లకు ఎనిమిదేళ్లు. ఇప్పుడు పద్నాలుగు నిండటానికి ఐదు నెలల పదకొండు రోజులుంది. తెల్లారి లేస్తే తాతకు అదే లెక్క. కేంద్రం నిలబడ్డా పడ్డా ఆయనకు పట్టదు, ఆ పిల్ల మాత్రం గడువులోపల గేటు దాటాలి.

అందుకని దరఖాస్తు పట్టుకుని ప్రగతి విభాగానికి వెళ్లాడు. అది పూర్వం ఆలస్యాల విభాగం. పేరు మార్చడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అక్కడి ప్రగతి అధికారిణి ఎవరినీ కసురుకోదు. కసురుకుంటే వచ్చినవాళ్లకు ఎదురు తిరిగే ధైర్యం వస్తుందని ఆవిడకు తెలుసు. కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇప్పించి, జరిగింది పూసగుచ్చినట్టు చెప్పింది. ఆ నేల మట్టిని పరీక్షకు పంపితే “ఆటకు అనుకూలం” అని రాసి పంపారట. కట్టడానికి కావలసింది “నిర్మాణానికి అనుకూలం” అన్న మాట. తిరిగి పరీక్షించమని సంచి వెనక్కి పంపితే దారిలో పోయింది. ఇంకో సంచి మట్టి తవ్వి పంపకూడదా అని తాత అడిగాడు. పాత సంచి దొరికేదాకా ఆ నేల అదే నేల అని ఎవరూ ధ్రువీకరించలేరని ఆవిడ ఓపిగ్గా చెప్పింది.

ఆవిడ బాధ ఆవిడది. ప్రగతి యాప్ అని ఒకటుంది. ప్రతి సోమవారం దానికి ఫొటో పెట్టాలి. పోయిన వారానికీ ఈ వారానికీ తేడా కనిపిస్తే ప్రగతి, కనిపించకపోతే నోటీసు. ఇసుక బండిని ఒక మూల నుంచి ఇంకో మూలకు తోయిస్తూ ఆవిడ నాలుగేళ్లు నెట్టుకొచ్చింది. ఆ తర్వాత మూలలు అయిపోయాయి. సరిగ్గా అప్పుడే ఒక సోమవారం తాత డబ్బాలో సున్నం కాస్త ఎక్కువ రాలి గీత చిక్కగా పడింది. యాప్ దాన్ని చూసి గోడ అనుకుని రెండు శాతం ప్రగతి వేసింది.

“తాతగారూ, భోజనశాల కూడా గీసి పెట్టగలరా?” అని అడిగింది ఆవిడ.

“గీతను గోడంటే ఎవరు నమ్ముతారమ్మా?”

“నన్నూ మిమ్మల్నీ ఎవరడిగారు? యాప్ నమ్మింది. నూరు శాతం అయితే ప్రవేశాలు వాటంతటవే తెరుచుకుంటాయి. మనిషి చెయ్యి పెట్టే పనే లేదు. మీ మనవరాలు హాయిగా చేరొచ్చు.”

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుందని తాతకు తెలియక కాదు. కానీ ఆ దూడను కట్టే తాడు ఇన్నాళ్లకు తన చేతికొచ్చింది. మర్నాడే పని మొదలుపెట్టాడు.

పని అంటే పనే. మూలలు వంకరపోకుండా తాడును మూడు, నాలుగు, ఐదు గజాలకు ముళ్లు వేసి కొలిచాడు. భోజనశాల, వంటగది, వసతి గృహం, వ్యాయామశాల, తరగతి గది, నిజమైన కొలతలతో మైదానం చుట్టూ నేల మీద లేచాయి. తలుపులున్న చోట గీత ఆపాడు, కిటికీలున్న చోట సన్నగా గీశాడు. మేడ మీది అంతస్తును కింది అంతస్తు పక్కనే వేశాడు (సున్నం పైకి లేవదు, ఆ లోపం ప్లానులో సర్దుబాటు చేశారు). ప్రగతి యాభై ఎనిమిది శాతానికి చేరింది.

అంతలో వాన పడి వసతి గృహం కొట్టుకుపోయింది. విచారణ సంఘం వచ్చింది. ప్రాణనష్టం జరగనందుకు హర్షం వెలిబుచ్చి, పునాదులు బలహీనంగా ఉన్నాయని తేల్చి, ఇకపై గీత వెడల్పు నాలుగు వేళ్లకు తగ్గరాదని ఉత్తర్వు ఇచ్చింది. మూడు వారాలు పోయాయి. తాత మళ్లీ గీశాడు.

తర్వాత తనిఖీ బృందం వచ్చింది. పెద్ద ఇంజినీరు భోజనశాల తలుపులోంచి లోపలికి నడిచి, గాలి సరిపోవడం లేదని అక్కడికక్కడే ఇంకో కిటికీ గీయించాడు. ఆయన వెనకొచ్చిన చిన్న ఇంజినీరు పరధ్యానంగా వంటగది గోడ మీంచి అడుగేసి నడవలోకి వెళ్లిపోయాడు. “ప్రభుత్వ భవనంలో గోడ దూకిన” నేరానికి అతనికి మెమో వచ్చింది. అప్పటినుంచి ఎవరూ తలుపు లేని చోట నడవలేదు. కొత్త భవనాలకు కాపలా పెట్టిన వాచ్‌మన్ కూడా, బీడీ కాల్చుకోవాలంటే నడవ వెంట ముందు తలుపుదాకా పోయి వచ్చేవాడు.

తొంభై శాతం దగ్గర బండి ఆగింది. పరిపాలనా భవనం మిగిలిపోయింది. నలభై కుర్చీల సమావేశ మందిరం అందులోనే ఉండాలి, ఆలస్యాల మీద సమీక్షలు జరపడానికి. మైదానం తప్ప ఖాళీ చోటు లేదు.

“మరి పిల్లలు ఎక్కడ ఆడతారమ్మా?” అన్నాడు తాత.

“ఆట రెండో దశలో ఉంది తాతగారూ. ఇది మొదటి దశ.”

పిల్ల పుట్టినరోజుకు ఇంకా ఇరవై రోజులుంది. తాత బకెట్టు నీళ్లు, చీపురు తెచ్చుకున్నాడు. ముందు పెనాల్టీ గీతలు చెరిపాడు. తర్వాత పక్క గీతలు. వలయం దగ్గరికొచ్చేసరికి చీపురు పక్కన పెట్టి వంగి చూశాడు. ముప్పై ఏళ్లుగా ఒకే చోట మేకు దిగి అక్కడ చిన్న గుంట పడింది. ఆ గుంటను బూటుతో పూడ్చి, దాని మీదుగా సమావేశ మందిరం గోడ లాగాడు. ఆ పూట ఇంట్లో కంచం ముందు కూర్చుని ఏమీ తినలేకపోయాడు. గోల్‌పోస్టులు పెట్టారా తాతయ్యా అని మనవరాలు అడిగితే, పెడతారమ్మా అన్నాడు. ఆ పిల్లతో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది.

నూరు శాతమైంది. ప్రవేశాలు వాటంతటవే తెరుచుకున్నాయి. దరఖాస్తుల మీద సంతకం చెయ్యవలసిన మనిషి లేడు కాబట్టి ఆలస్యమూ జరగలేదు. పుట్టినరోజుకు తొమ్మిది రోజులుందనగా పిల్ల ఫోనుకు ప్రవేశ పత్రం వచ్చింది. ఇల్లంతా పండగైంది. కుట్టుమిషను అత్త తన చేత్తో జెర్సీ కుట్టి ఇచ్చింది. తాత మాత్రం పిల్లను పక్కకు పిలిచి ఒక మాట చెప్పాడు.

“అక్కడ గోడలు దూకకు తల్లీ. దూకితే తీసేస్తారు. నా మాట విను.”

మొదటి రోజు పద్నాలుగు మంది పిల్లలు వచ్చారు. సున్నం గడప బయట బూట్లు విడిచి వరుసలో లోపలికి నడిచారు. శిక్షకుడు తరగతి గదిలో వాళ్లను నేల మీద కూర్చోబెట్టి నిబంధనలు చదివాడు. గోడ దాటితే ప్రవేశం రద్దు. గోడ మీద సున్నం చెదిరితే ప్రవేశం రద్దు. బయటికెళ్లాలంటే తలుపు దగ్గర రిజిస్టరులో సంతకం. గంట చదివాక, బంతి ఎలా ఉంటుందో పిల్లలకు పరిచయం చెయ్యాలని పాఠ్యప్రణాళికలో ఉండటంతో, ఒక బంతి తీసి చేతులు మార్చుకుంటూ చూడమన్నాడు.

నాలుగో పిల్లవాడి చేతిలోంచి బంతి జారింది. గోడ మీంచి దొర్లి, నడవ దాటి, వంటగదిలోకి పోయింది.

గేటు దగ్గర డబ్బాతో నిలబడ్డ తాత చూస్తూనే ఉన్నాడు. మనవరాలు చివాలున లేచింది. ఆ ఎడమకాలు ముందుకు పడటం, ఆ భుజం వంగడం ఆయనకు కొట్టిన పిండి. తొక్కెయ్యి తల్లీ, తొక్కేసి పో అని ఆయన గుండె కొట్టుకుంది. ప్రవేశం పోతే పోనీ అనిపించింది, నిజంగానే అనిపించింది.

పిల్ల గీతదాకా ఉరికి, ఆగింది. ఒకసారి తాత వైపు చూసింది. పక్కకు తిరిగి గోడ వెంబడే తలుపుదాకా నడిచింది. రిజిస్టరులో సంతకం చేసింది. నడవలోకి వెళ్లి, వంటగది తలుపులోంచి లోపలికి పోయి, ఎప్పుడో ఆగిపోయిన బంతిని రెండు చేతులా ఎత్తుకుని, వెళ్లిన దారినే తిరిగొచ్చి తన చోట కూర్చుంది. సున్నం పలుకు కూడా చెదరలేదు. ముప్పై ఏళ్లలో గీత తొక్కొద్దంటే విన్న పిల్ల అదొక్కతే. తాత డబ్బా కింద పెట్టి, కంచె వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఏమైందని వాచ్‌మన్ అడిగితే సున్నం పడిందన్నాడు.

ప్రగతి అధికారిణి ఫొటో తీసి యాప్‌లో పెట్టింది. యాప్ దాన్ని పోయిన వారం ఫొటోతో పోల్చి చూసి, కాసేపు ఆలోచించి, ఫలితం ప్రకటించింది: శిక్షణ పూర్తయినది.