కఫీ ఎడమకాలి స్వేచ్ఛాపత్రం

స్వాతంత్ర్యం తెచ్చిపెట్టామని చప్పట్లు కొట్టించుకుంటున్న పెద్దమనుషులారా, కఫీ ఎడమకాలికి స్వేచ్ఛ ఇచ్చి, మిగతా కఫీని పట్టుకెళ్లి యజమానికి అప్పగించింది మీరే.

అందులో వింతేమీ లేదని బానిసల విడుదల కార్యాలయంలో అందరూ అన్నారు. నిబంధన అలాగే ఉంది. యజమాని బదులు సైన్యంలో చేరిన బానిస, యుద్ధాన్ని మలుపు తిప్పిన పోరులో తన ఒంట్లోంచి ఎంత పోగొట్టుకుంటే అంత మేరకే విడుదల. ఏ పోరు మలుపో తేల్చడానికి పట్టిక వేలాడదీశారు. మంచుగడ్డలు తేలే నది దాటి పొద్దున్నే శత్రువు మీద పడ్డ ట్రెంటన్ అందులో ఉంది. లాంగ్ ఐలండ్ లేదు, అక్కడ ఓడిపోయారు. అక్కడ రెండు చేతులూ పోయినవాడికి ఏమీ రాలేదు. ఇంగ్లీషు సైన్యమొకటి మొత్తంగా తుపాకులు కింద పెట్టేసిన సారటోగా ఉంది. ఆ గెలుపు చూశాకే ఫ్రాన్సు మీ పక్కన నిలబడింది. కఫీ కాలు మోకాలి కింద నుంచి పోయింది అక్కడే. కాబట్టి కాలు విడుదలైంది.

నాలుగేళ్ల తర్వాత మిగతా కఫీ ఊతకర్రతోనే యార్క్‌టౌన్ వెళ్లి కందకాలు తవ్వాడు. ఆ కందకాల వెంటే ఫిరంగులు ముందుకు జరిగాయి, యుద్ధం తేలిపోయింది.

"మరి అది మలుపు కాదా దొరా?" అని కఫీ అడిగాడు.

"మలుపే," అన్నాడు గుమాస్తా విట్‌లాక్. "నువ్వక్కడ ఏం పోగొట్టుకున్నావు? కనీసం ఓ చెవి పోయినా చూసేవాణ్ణి."

"చెమట పోయింది దొరా."

"దానికి పట్టికలో గడి లేదు. ఇంకో యుద్ధం వస్తే మళ్లీ అర్జీ పెట్టుకో, పో."

కాలు తన కాగితాన్ని బూటులో దోపుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఎవరూ తల తిప్పి చూడలేదు. ఊరి పుస్తకంలో దాని పేరెక్కింది. చర్చిలో ముందు వరుసలో చోటిచ్చారు. మోకరిల్లడమొక్కటే దానికి కుదరలేదు.

కఫీకి కావలసింది ఒక్కటే: భార్య డైనా దగ్గరికి వెళ్లడం. ఆమె స్వేచ్ఛాస్త్రీ. వంతెన అవతల నలుగురి బట్టలుతికి బతుకుతోంది. బానిసకు వంతెన దాటే హక్కు లేదు గనక, ఆమే ఇవతలికొచ్చి మాట్లాడేది.

"నీ కాలు నిన్న ఇంటికొచ్చిందయ్యో! గుమ్మంలో బురద తుడుచుకుని మరీ వచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో నువ్వెప్పుడన్నా తుడిచావా?"

"వచ్చి ఏం చేసింది?"

"పొయ్యి పక్కన నిలబడింది. కూర్చోమంటే దానికి చేతకాదు కదా!" డైనా నవ్వి, చప్పున ఆగిపోయింది. "నువ్వెప్పుడొస్తావు?"

కఫీ మళ్లీ విట్‌లాక్ దగ్గరికి వెళ్లాడు. విట్‌లాక్ చెడ్డవాడు కాదు, ఓపిగ్గా నిబంధనలన్నీ తిరగేశాడు. స్వేచ్ఛాపౌరులు తోడుంటే బానిస ఆదివారాలు వంతెన దాటవచ్చు, పొద్దు గూకేలోపు తిరిగి రావాలి. కాలు స్వేచ్ఛాపౌరురాలే. దానికి అభ్యంతరం లేకపోతే సరి.

దానికి అభ్యంతరం లేదు. ఆదివారం కాలు ముందు, ఊతకర్ర మీద కఫీ వెనక. కావలివాడు కాగితం చూసి కాలికి టోపీ తీశాడు.

"వీడు తమ మనిషేనాండీ?"

కాలు మడమతో ఒకసారి నేలను తట్టింది.

"సాయంత్రం దాకా తమదే పూచీ."

"చాలా దయ దొరా," అన్నాడు కఫీ. సంతోషంగానే అన్నాడు. మనిషిని ఆ గతికి తెచ్చారు మీరు.

పొద్దు వాలుతోంది. ఆ పట్టిక చింపి పారేయండి. ఏది మలుపో తర్వాత తీరిగ్గా కొట్టుకు చావండి. డైనా ఇంట్లో కూర్చున్న ఆ మనిషి ఊతకర్ర అందుకుని లేవకముందే, మిగతా కఫీ మొత్తానికి కాగితం రాసివ్వండి.