నిమ్మకాయ లేని మిరపకాయలు

ఆ శనివారం రాజమౌళి చెయ్యాల్సిన పనులు రెండే. తొమ్మిది గంటలకు వెంకట్రాజం స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చుని 'తీర్పరులు' సీరియల్ ఆఖరి భాగం చూడాలి. పదిన్నరకు అదే వెంకట్రాజం చేత కిరాయి కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. వెంకట్రాజం అరుగు మీద ఆరడుగుల జాగాలో రాజమౌళి జిరాక్సు మిషను పెట్టుకుని మూడేళ్లయింది. వాళ్ల ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి అతడే. అందుకని తల్లి మొగిలమ్మ దుకాణం బోర్డు మీద 'బి.కాం.' అన్న ముక్కను అతని పేరుకంటే పెద్దక్షరాలతో రాయించింది. ఇప్పుడు ఆ జాగా కోసం ఫోన్ కవర్లమ్మే ఒకాయన రోజూ వచ్చి వెంకట్రాజానికి నమస్కారం పెట్టిపోతున్నాడు. ఇవాళ సంతకం పడకపోతే బోర్డు దిగిపోవాల్సిందే.

'తీర్పరులు' అంటే ఆ గల్లీలో అందరికీ ప్రాణం. కోర్టు వదిలేసిన దుర్మార్గులను నలుగురు స్నేహితులు, అంటే ఒక మాస్టారు, ఒక డ్రైవరు, ఒక నర్సు, ఒక మెకానిక్కు, తామే పట్టుకుని శిక్షించడం దాని కథ. శిక్ష పడబోయేవాడి గుమ్మానికి ముందుగా నల్లదారంతో పచ్చిమిరపకాయలు వేలాడదీస్తారు. నిమ్మకాయ మాత్రం కట్టరు. నిన్ను కాపాడే దిక్కు లేదని దానికి అర్థం. ఐదు వారాలుగా ఆ నలుగురిలోనే ఎవరో పేరు చెప్పకుండా మిగతావాళ్ల రహస్యాలను పోలీసులకు చేరవేస్తున్నారు. ఎవరన్నది శుక్రవారం రాత్రి వచ్చిన ఆఖరి భాగంలో తేలిపోయింది.

అయితే వెంకట్రాజం ఎనిమిదింటికే పడుకునే మనిషి. అందుకని మొదటి వారంలోనే ఒక ఒప్పందం కుదిరింది. రాత్రి ఎవరూ చూడకూడదు. మర్నాడు పొద్దున బోణీకి ముందు, దుకాణంలోని పెద్ద టీవీలో నలుగురూ కలిసి చూడాలి. ఆ నలుగురు వెంకట్రాజం, రాజమౌళి, పక్కన టీపొడి అమ్మే చాయపత్తి దుకాణం భానుచందర్, ఎదురుగా మ్యాచింగ్ సెంటర్ నడిపే కళావతి.

"రాసిపెట్టుకో కాకా, దగా చేసేది మాస్టారే. సదువుకున్నోడే నిండ ముంచుతడు" అనేది కళావతి.

"ఊకో కళావతీ! సదువుకున్నోడు గసొంటి పని చెయ్యడు. మన రాజమౌళిని చూస్తలేవా?" అనేవాడు వెంకట్రాజం. అప్పుడు రాజమౌళి వినయంగా తల దించుకునేవాడు.

ఆ శనివారం ఉదయం రాజమౌళి కాశిబుగ్గలో తన ఇంటి దగ్గర షేర్ ఆటో ఎక్కాడు. పక్కన కాలేజీ అమ్మాయి ఫోనులో ఏదో చూస్తోంది. ఇయర్ ఫోన్లు పెట్టుకోలేదు. నాలుగు మాటలు వినగానే రాజమౌళికి తెలిసిపోయింది. ఆఖరి భాగం! వెంటనే తల తిప్పి రోడ్డు చూశాడు. చెవులు మూసుకుందామంటే ఒక చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. మెడ నెమ్మదిగా దానంతట అదే ఇటు తిరిగింది.

"అన్నా, మంచిగ కనవడ్తలేదా? జర ఇటు పెట్టాల్నా?" అంది ఆ అమ్మాయి.

"వద్దమ్మా, వద్దు" అని రాజమౌళి ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

చౌరస్తా వచ్చింది. దుకాణానికి అక్కడే దిగాలి. తెర మీద పోలీసు అధికారి ముందు, మిగతా ముగ్గురూ చూస్తుండగా, మాస్టారు తల వంచుకుని నిలబడ్డాడు. రాజమౌళి దిగలేదు. రైల్వే స్టేషను దగ్గరికి వచ్చేసరికి మాస్టారు నోరు తెరిచాడు. "ముగ్గురి పేర్లూ ఇచ్చింది నేనే సార్." ఆటో ఆగింది. అమ్మాయి ఫోను సంచిలో వేసుకుని రైలు కోసం పరుగెత్తింది.

రాజమౌళి ఎండలో వెనక్కి నడిచాడు. ఒప్పందం తప్పాడు. పైగా దగా చేసింది చదువుకున్నవాడే. ఇదంతా కడుపులో దాచుకుని, ఏమీ తెలియనట్టు ముఖం పెట్టి గంటసేపు కూర్చోవాలి. ఆ తర్వాత సంతకం అడగాలి.

గల్లీలోకి వచ్చి తన షట్టరు ముందు ఆగిపోయాడు. నల్లదారానికి ఏడు పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి. నిమ్మకాయ లేదు. అటూ ఇటూ అన్ని దుకాణాలకూ పచ్చగా మెరుస్తూ నిమ్మకాయలున్నాయి. శనివారం శనివారం దుకాణాలకు దిష్టి దండలు కట్టే సారలమ్మ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నిమ్మకాయ మరిచింది లేదు. అంటే ఎవరో కావాలనే తీసేశారు. ఎవరో తనను ఆటోలో చూశారు.

వెంకట్రాజం దుకాణంలోకి అడుగుపెట్టాడు. ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. టీవీ ఇంకా పెట్టలేదు.

"ఎటు వోయినవ్ రాజమౌళీ? నువ్వు స్టేషన్ దిక్కు నుంచి నడుసుకుంట వస్తానవని మా పనామె చెప్పింది" అంది కళావతి.

"పేపర్ బండిల్ పార్సిల్ వచ్చిందంటే పోయినక్కా."

"ఏది మరి?"

"రాలే."

"వచ్చిందంటే పోయినవ్, పోతే రాలేదా?"

"ఫికర్ చెయ్యకు తమ్మీ, పార్సిల్ ఆఫీసుల మనోడున్నడు" అంటూ భానుచందర్ ఫోను తీశాడు. రాజమౌళి వద్దన్నకొద్దీ అతని సాయం చేసే గుణం ఎక్కువైంది. స్పీకరు పెట్టాడు. అవతలి గొంతు కాసేపు రిజిస్టరు తిరగేసి, రాజమౌళి పేరు మీద ఈ నెలలో ఏ పార్సిలూ లేదని గల్లీ అంతా వినేట్టు చెప్పింది.

వెంకట్రాజం లేచాడు. నెమ్మదిగా వెళ్లి షట్టరు సగానికి దించాడు. సీరియల్లో కూడా నేరస్తుడిని కూర్చోబెట్టాక ఇలాగే షట్టరు దించుతారు. దుకాణంలో చీకటి పడింది. వరసగా పేర్చిన స్టీలు బిందెల మీద రాజమౌళికి తన ముఖమే పది చోట్ల కనిపించింది.

"టీవీ పెట్టేముందు ఒక సంగతి తేలాలె" అన్నాడు వెంకట్రాజం. "మన నలుగురిల ఒకరు మాట తప్పిన్రు. పేరు నేను చెప్ప. తప్పు చేసినోనికి తెలుసు. వాడే లేసి చెప్తె మర్యాద."

భానుచందర్ తల దించుకున్నాడు. అది తన గతి చూడలేకనేనని రాజమౌళికి అర్థమైంది. రాజమౌళి లేచి నిలబడ్డాడు.

"నేనే కాకా! ఇగ దాసిపెట్టుడు నాతోని గాదు. పార్సిల్ లేదు, ఏం లేదు. ఆటోల పక్క పిల్ల ఫోన్ల ఆఖరి భాగం చూసిన. చౌరస్తాల దిగకుంట స్టేషన్ దాంక పోయి మరీ చూసిన. మాస్టారే ముగ్గుర్ని పట్టిచ్చిండని తెలిసినంక నాకు కాళ్లు చేతులు ఆడలే. మీరు నిమ్మకాయ తీసేసిన్రు, సమజైంది. ఏ శిక్షన్న ఎయ్యున్రి, జాగ మాత్రం తీసుకోకున్రి. మా అవ్వకు ఆ బోర్డంటే పానం!"

"నే చెప్పలే, మాస్టారే అని!" అని ఎగిరిన కళావతి అంతలోనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, చూడకముందే చెప్పిండు గదా!"

భానుచందర్ నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. "తమ్మీ, కాకా అడిగింది పూరీల గురించి. ఆఖరి రోజు అందరికి నేను తెస్తనన్న. యాది మర్సిన."

"పూరీలు" అన్నాడు వెంకట్రాజం. ఆ మాట బావిలోంచి వచ్చినట్టుంది. "ఐదు వారాలు మనుమరాలు చెప్పవోతే చెవులు మూసుకున్న. పేపర్ల సీరియల్ బొమ్మ ఉంటే పేజీ మడతపెట్టిన." సంతకం కోసం సిద్ధంగా పెట్టిన కిరాయి కాగితాన్ని తీసి, సొరుగులో పెట్టి తాళం వేశాడు.

అప్పుడే సగం దించిన షట్టరు కింద నుంచి సారలమ్మ వంగి చూసింది. "రాజమౌళీ, బిడ్డా! పొద్దుగాల నీ దుకాణం కాడికొచ్చెవరకు నిమ్మకాయ ఒకటి తక్కువ పడ్డది. ఇగో, తెచ్చిన. గుచ్చిపోతాన."

రాజమౌళి ఆ నిమ్మకాయ వంక చూస్తూ ఉండిపోయాడు.

"పెట్టు కాకా, ఇగ పోయేదేముంది" అంది కళావతి. టీవీ పెట్టారు. రాజమౌళికి ఎవరూ కూర్చోమని చెప్పలేదు, అందుకని నిలబడే చూశాడు. మాస్టారు తల వంచాడు. ముగ్గురి పేర్లూ తానే ఇచ్చానన్నాడు. వెంకట్రాజం కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. మాస్టారిని ఎక్కించుకుని జీపు కదులుతుంటే మెకానిక్కు వెంటపడి పరుగెత్తాడు. "చెప్పింది నేనైతే నువ్వెందుకు ఒప్పుకున్నావు మాస్టారూ?" అని భోరుమన్నాడు. "ద్రోహిని మనవాళ్లు వదలరు, నీకు చిన్నపిల్లలున్నారు" అన్నాడు మాస్టారు.

వెంకట్రాజం కుర్చీలోంచి ఒక్కసారిగా లేచాడు. దెబ్బకు బిందె ఒకటి దొర్లింది. "నే అనలే? సదువుకున్నోడు చెయ్యడని అనలే? విన్నవా కళావతీ!"

"వీడు సగమే చూసిండు కాబట్టి అసలు ముచ్చట మిగిలింది, బతికిండు" అంది కళావతి.

వెంకట్రాజం రాజమౌళి దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "మాస్టారు చెయ్యని తప్పు ఒప్పుకున్నడు. నువ్వు ఎవ్వలు అడగని తప్పు ఒప్పుకున్నవ్. ఇద్దరు మంచోల్లే, ఇద్దరికి తెలివి తక్కువ." సొరుగు తాళం తీశాడు. కాగితం కింద సొంత దస్తూరీతో ఒక వాక్యం చేర్చి సంతకం పెట్టాడు. భానుచందర్, కళావతి సాక్షి సంతకాలు చేశారు. ఆ తర్వాత భానుచందర్‌ను పూరీలకు పంపారు.

ఆ రోజు రాజమౌళి మొదటి జిరాక్సు ఆ కాగితానికే తీశాడు. అందులో 'శనివారాలు దుకాణానికి నడిచి రావలెను' అన్న షరతు మిగతా అన్నిటికన్నా స్పష్టంగా పడింది.