భోజన్న తక్కెడలో రెండు మెదళ్ళు

చేయవలసిన పనులు:

ఒకటి, సర్కారు కచేరీకి వెళ్ళి జల్సాకు, అంటే సభకు, అనుమతి కాగితం తేవాలి.
రెండు, కటిక రాజమల్లు దగ్గర మేక మెదళ్ళు రెండు తేవాలి. ఒకటి మగది, ఒకటి ఆడది.
మూడు, గంజ్‌లో పసుపు తూచే భోజన్నను చిన్న తక్కెడతో సహా రమ్మనాలి.
నాలుగు, జంపఖానాలు అడిగి తేవాలి.
ఐదు, బాపురావు గారికి మళ్ళీ ఒకసారి గుర్తు చేయాలి.
ఆరు, రెండో పేజీ ఇంట్లోనే పెట్టాలి.

ఈ పట్టీ రాసినవాడు ఆత్మారాం. నిజామాబాదు మిడిల్ స్కూలులో ఉపాధ్యాయుడు. మగ్గం నేసిన వంశంలో మొదటి బి.ఏ. ఏ పనైనా కాగితం మీద పెడితే గాని చేయలేడు. ఆయన భార్య గోదావరికి చదువు రాదు. చాటలో ఆకు, పొగాకు పెట్టుకొని బీడీలు చుడుతూనే పొయ్యి మీది పప్పు, వాకిట్లోని కోడి, పక్కింటి తగాదా, మూడింటినీ చూసుకోగలదు.

ఆ ఏడు, అంటే 1938లో, ఆత్మారాముకు ఉన్న బెంగ ఒక్కటే. ఊళ్ళో కొందరు కలిసి పెట్టిన గ్రంథాలయంలోని నూట నలభై పుస్తకాలు ఆయన ఇంట్లో రెండు పెట్టెల్లో ఉన్నాయి. ఇల్లు కురుస్తుంది. కిందటి వర్షాకాలంలో పన్నెండు పుస్తకాలు బూజు పట్టి పోయాయి. వానలు మొదలయ్యే మృగశిర కార్తెకు ఇంకా పది రోజులే. ఈలోగా వాటికి కురవని గది ఒకటి దొరకాలి.

అలాంటి గది పసుపు అమ్మకాలు జరిగే గంజ్ ఎదురుగా పసుపు వ్యాపారి బాపురావు ఇంటి ముందు భాగంలో ఉంది. సీజను అయిపోయింది కనుక ఖాళీగానే ఉంది. బాపురావు మంచివాడే గాని, ఏదీ ఊరికే నమ్మడు.

"గ్రంథాలయమంటే ఏం లాభం మాస్టర్? ముందుగాల ఒక జల్సా పెట్టు. శాస్త్రం మాట చెప్పు. నలుగురు వచ్చి కూసుంటే గప్పుడు సూద్దాం" అన్నాడు.

ఏ శాస్త్రమని ఆలోచిస్తున్న ఆత్మారాముకు ఒక ఇంగ్లీషు మాసపత్రికలో స్త్రీ పురుషుల మెదళ్ళ మీద వ్యాసం కనిపించింది. మగవాడి మెదడు ఆడదాని మెదడు కంటే బరువైనదని మొదటి పేజీలో ఉంది. ఆ మాట చెప్పగానే బాపురావు తొడ చరిచాడు. "గిదీ శాస్త్రమంటే! నేను ముప్పై ఏండ్ల సంది మా ఇంట్ల ఇదే చెప్తున్న" అన్నాడు. బరువు ఎక్కువైనంత మాత్రాన తెలివి ఎక్కువ కాదని రెండో పేజీలో ఉంది. ఆ సంగతి ఆత్మారాం ఆయనకు చెప్పలేదు. చెబితే గది పోతుందని భయం. అయినా మనసు ఒప్పక రెండు పేజీలూ తెలుగులోకి రాసుకొని, ఎనిమిది రోజులుగా ఇంట్లో నడుస్తూ పైకి చదివి సాధన చేస్తున్నాడు. జల్సాలో మాత్రం మొదటిది ఒక్కటే చదివి, రుజువుకు మేకల మెదళ్ళు తూచి చూపాలని నిశ్చయించుకున్నాడు.

నిజాం రాజ్యంలో అనుమతి లేనిదే జల్సా జరపరాదు. ఆ కాగితం పొద్దున్నే దొరికింది. ఆ రోజే, నాలుగు గంటల నుంచి ఐదు దాకానే అని అందులో రాసి ఉంది. వాయిదా వేసుకొనే వీలు లేదు. అక్కడి నుంచి రాజమల్లు దుకాణానికి వెళ్ళాడు.

"మగది ఎన్నయినా ఇస్త సారూ" అన్నాడు రాజమల్లు. "ఆడదాన్ని ఎవలు కోస్తరు? పాలిస్తది, పిల్లలను ఏస్తది. మగది పుట్టేదే గిందుకు."

"ఒక్కటన్న దొరకదా? ఆడదాని మెదడే కావాలె. ఇయ్యాల నాలుగింటికి బాపురావు ఇంటికాడ తూకం వేసి నలుగురికి చూపాలె."

"నీ నసీబు మంచిగున్నది. మాక్లూర్ పోశన్న ముసలి మేకను తోలిండు. ఈనుడు బందయింది. పొద్దుగాల్నే కోసిన."

రాజమల్లు ఒక పెద్ద పోతు మెదడు, ముసలి మేక మెదడు వేర్వేరు మోదుగాకుల్లో కట్టి ఇచ్చాడు. ఆత్మారాం తృప్తిగా ఇల్లు చేరి, పొట్లాలు వంటింటి గూట్లో పెట్టి, జంపఖానాల కోసం వెళ్ళాడు. మాంసం కోసం వచ్చి పక్కనే నిలబడ్డ బీడీల సాయవ్వను మాత్రం ఆయన గమనించలేదు.

సాయవ్వ తిన్నగా బీడీలు అప్పజెప్పే చోటికి పోయింది. "ఇన్నరా? గోదావరి మొగడు ఆడోళ్ళ మెదళ్ళు తూకమేస్తడట! ఇయ్యాల నాలుగు గొట్టంగ, బాపురావు సేఠ్ ఇంటికాడ!" అంది. బీడీలు చుట్టేవారికి తూకమంటే తెలుసు. తూకంలో తక్కువైన కట్టను పక్కకు పారేస్తారు. "తక్కువ తూగితే మనల్ని గూడ పక్కకు తీస్తరా?" అని ఒకామె అడిగింది. ఎందుకైనా మంచిది, అందరం పోదామని తీర్మానమైంది.

ఆత్మారాం మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంటికి వచ్చాడు. మొదటి పేజీ మోకాలి మీద పెట్టుకొని, దాని మీదే చూపు ఉంచి అన్నం తిన్నాడు. రెండు ముద్దలు తిన్నాక, "బాగున్నదే! ఏంది గిది?" అన్నాడు.

"నువ్వు తెచ్చిందే" అంది గోదావరి. "ఎనిమిది దినాల సంది ఒర్రుతున్నవు గద, తలకాయకు బలమని మిరియాలేసి వండిన."

ఆత్మారాం చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏది వండినవు?"

"పెద్దది. చిన్నది నీకేం సరిపోతది?"

"గోదావరీ! నేను తిన్నది మగ మెదడే!"

"గయితే మంచిదే గద. మొగోనికి మొగదే బలం."

ఆయన చేయి కడుక్కొని రాజమల్లు దగ్గరికి పరుగెత్తాడు. దుకాణం కడుగుతున్నాడు. మిగిలింది లేత పోతుపిల్ల మెదడు ఒక్కటే. అదీ అప్పుడే నీళ్ళలో వేసి తీశాడు. "మొగదే గద సారూ, ఏదయితేంది?" అన్నాడు రాజమల్లు. మరో దారి లేక ఆత్మారాం దాన్నే తీసుకున్నాడు.

నాలుగు గంటలకు బాపురావు ఇంటి ముందు జంపఖానాలు సరిపోలేదు. మగవాళ్ళు ఆరుగురు వచ్చారు. ఆడవాళ్ళు నలభై మంది వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోక ఒళ్ళో చాటలు పెట్టుకొని బీడీలు చుట్టడం మొదలుపెట్టారు. ఇంటి గుమ్మానికి తెర కట్టి ఉంది. దాని వెనక బాపురావు భార్య తారాబాయి కూర్చుంది.

"సారూ, ముందుగాల నా తల తూకమేస్తవా?" అంది సాయవ్వ.

"కాదవ్వా, తూచేది మేకలవి."

"మరి మేకల సంగతి మేకలకు చెప్పక మమ్మల్నెందుకు పిలిచినవు?"

ఆమెను ఎవరూ పిలవలేదన్న మాట ఆత్మారాం మింగేసి, గొంతు సవరించుకొని మొదటి పేజీ చదివాడు. బాపురావు ప్రతి వాక్యానికీ తల ఊపాడు. ఆడవాళ్ళు కత్తెరలు ఆడించారు గాని తల ఎత్తలేదు. తర్వాత తూకం. భోజన్న తక్కెడకు మొక్కి, ఒక తట్టలో ఆడ మెదడు, రెండో తట్టలో రాళ్ళు పెట్టాడు. "పది తులాలు" అన్నాడు. తర్వాత మగ మెదడు పెట్టాడు.

"ఎనిమిది తులాలు."

బీడీలు చుట్టే చేతులు ఆగాయి.

భోజన్న మగ మెదడును వేలితో నొక్కి, వేలు చూసుకున్నాడు. "తడిగున్నది. అర తులం తరుగు. ఏడున్నర."

"ఏ భోజన్నా!" బాపురావు లేచాడు. "మొగోని మెదడుకు తరుగు తీస్తవా?"

"తడి సరుకుకు తరుగు తియ్యాలె గద సేఠ్. మీరు నేర్పిందే. రైతుల పసుపుకు తీస్తలేమా?"

"గిది మోసం! మాస్టర్, నువ్వు పెద్ద పోతుది తెస్తనన్నవు. యాడ వాయె?"

ఆత్మారాం తల వంచుకొని, "తిన్న" అన్నాడు.

"మిరియాలేసి వండిన సేఠ్" అని గోదావరి ఆడవాళ్ళ మధ్య నుంచి సాక్ష్యం చెప్పింది. "బాగున్నదనే తిన్నడు."

నలభై మంది ఒక్కసారిగా నవ్వారు. తెర కూడా కదిలింది. బాపురావు మొహం పసుపులో కుంకం కలిపినట్టయింది. "నా వాకిట్ల నన్నే నవ్వులపాలు జేస్తరా? గది లేదు, గిది లేదు! పోండ్రి!" అన్నాడు.

ఆత్మారాముకు తన ఇంటి కప్పు, దాని కింది రెండు పెట్టెలు కళ్ళ ముందు కదిలాయి. మొదటి పేజీ చేతిలో పట్టుకొని అక్కడే నిలబడ్డాడు.

"గట్ల నిలబడ్డవేందయ్యా?" అంది గోదావరి. "రెండోది సదువు."

"రెండో పేజీ ఇంట్లుంది."

"ఇంట్ల కాగితమే గద ఉన్నది." ఆమె చేతిలో ఆకు చుడుతూనే, ఎనిమిది రోజులుగా చెవిన పడ్డదాన్ని అక్షరం పొల్లుపోకుండా మొదలుపెట్టింది: "మెదడు యొక్క బరువు దేహ పరిమాణమును అనుసరించును గాని బుద్ధిని అనుసరింపదు. అట్లు గానిచో ఏనుగే పండితులలో అగ్రగణ్యుడు కావలెను. స్త్రీకి బుద్ధి కొఱవడినదని పలుకువారు ఆమెకు పుస్తకము నిచ్చి చూడలేదు. కావున వారి మాట పరీక్షకు నిలువదు." పేజీ అయిపోయే సరికి బీడీ కూడా అయిపోయింది. దారం కట్టి చాటలో వేసింది.

ఎవరూ నవ్వలేదు. "గిదంత పుస్తకంల ఉన్నదా?" అంది సాయవ్వ, మెల్లగా.

"ఉన్నదవ్వా" అన్నాడు ఆత్మారాం. "నేనే దాచిన. గది కోసం దాచిన. తప్పు నాది." ఆ మాట ఆయన పట్టీలో లేదు.

అప్పుడు తెర పక్కకు జరిగింది. తారాబాయి గుమ్మంలోకి వచ్చింది.

"అహో, జర ఆగుండ్రి" అని భర్తను మరాఠీ ఇంటి అలవాటుగా పిలిచింది. "గది లేదని ఎట్లంటరు? గది మా నాయిన నా పేరు మీద రాసిచ్చిండు. మీరు పసుపు పోసుకుంటనంటే పోసుకోమన్న, గంతే."

బాపురావు నలుగురి వైపూ చూసి, "గది నాకు తెల్వదా?" అన్నాడు.

తారాబాయి ఆత్మారాం వైపు తిరిగింది. "మాస్టర్, మీ మొదటి పేజీ ఇనంగ తాళంచెవి బాయిల ఏద్దామనుకున్న. రెండోది ఇన్న గాబట్టి ఇస్తున్న. మీకు గాదు, గోదావరికి. పగలు ఈ ఆడోళ్ళు కూసుండి బీడీలు చేసుకుంటరు, మీ బడి బందున్న దినాలు మీరు సదివి ఇనిపియ్యాలె. సాయంత్రం మొగోళ్ళు. ఏ పేజీ దాచొద్దు."

"దాచనమ్మా" అన్నాడు ఆత్మారాం.

గోదావరి తాళంచెవి అందుకొని, "పెట్టెలు రేపు పొద్దుగాల తెస్తమక్కా. మోసేటందుకు వీళ్ళంతా ఉన్నరు" అంది. పెట్టెలు మోసేదెవరన్న ఆలోచన ఆత్మారాముకు ఇంకా రాలేదు.

బాపురావు మళ్ళీ కూర్చున్నాడు. అలిగిన మనిషి మెత్తబడడానికి ఒక వంక కావాలి. "సరే. కానీ బోర్డు మీద నా పేరుండాలె" అన్నాడు.

"ఉండనీ" అంది తారాబాయి. "మీ పేరు మంచిగ పెద్దగ రాపిద్దాం."

మృగశిర వచ్చేనాటికి పుస్తకాలు ఆ గదిలో ఉన్నాయి. ఒక్కటీ తడవలేదు. మీరెప్పుడైనా గంజ్ వైపు వెళ్తే చూడండి, తలుపు మీద బోర్డుపై బాపురావు గారి దానమని పెద్ద అక్షరాలు ఉంటాయి. అవి చదివి అక్కడే ఆగిపోకండి, తారాబాయిని కూడా ఒకసారి తలుచుకోండి. ఆ బోర్డు కొట్టడానికి ఇంట్లో మేకులు ఎక్కడున్నాయో చెప్పింది కూడా ఆమే.