దవడ చూసి మింగు

ఇల్లాలు వంటింటి గట్టు దగ్గర బఠాణీలు ఒలుస్తూ పొద్దుటినుంచీ భర్తకు పాఠం చెబుతోంది.

"నా దవడే చూస్తూ ఉండండి. అది ఆడుతున్నంతసేపూ మీరూ నమలండి. నేను మింగితేనే మీరు మింగాలి."

"పశువునా నేను, నెమరెయ్యడానికి?"

"పశువే నయం. మింగినదాన్నైనా మళ్ళీ నములుతుంది."

ఆయన పరుపుల షాపులో పనిచేస్తాడు. వచ్చినవాళ్ళు పరుపు మీద నడుం వాల్చీ వాల్చకముందే "బాగుంది కదండీ, కట్టించమంటారా?" అంటాడు. తిండీ అంతే. నాలుగు ముద్దలు, గ్లాసెడు నీళ్ళు, ఒక త్రేన్పు. ఇప్పుడు షాపు యజమానురాలు రెండో షాపు తెరుస్తోంది. దాన్ని నిదానస్తుడి చేతిలోనే పెడతానని అందరికీ చెప్పేసింది. ఈ మధ్యాహ్నం భర్తతో కలిసి వీళ్ళింటికి భోజనానికి వస్తోంది. మనిషిని చూసి పోవడానికేనని వేరే చెప్పాలా?

"మగాళ్ళు మింగుతారు, ఆడాళ్ళు నములుతారు. తాతలనాటి నుంచీ అంతే. ఒక్కపూటలో మారుస్తావుటే వాణ్ణి?" అంది అత్తగారు, కట్టుడు పళ్ళు కడుక్కుంటూ.

ఆవిడకు కోడలి పాఠం మీద నమ్మకం లేదు. కొడుకు మీద అంతకన్నా లేదు. అందుకే కోడలు తయారవడానికి గదిలోకి వెళ్ళగానే మాంసం ఉడుకుతున్న పొయ్యి కాస్తా కట్టేసింది. ముక్క గట్టిగా ఉంటే చచ్చినట్టు వాడే నములుతాడు కదా!

అందరూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారు మాత్రం ఆకలి లేదని ఇంటికప్పు చూస్తూ ఉండిపోయింది. ఇల్లాలు మొదటి ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. అది చెక్కుచెదరలేదు. కుడి దవడ నుంచి ఎడమకు మార్చింది. ఊహూఁ. అతిథుల ముందు ఉమ్మలేదు, మింగనూ లేదు. ఎదురుగా భర్త, కళ్ళు ఆమె దవడకు అప్పగించి, తిరగలి తిప్పినట్టు నములుతున్నాడు.

"కొత్త షాపు మీకు అప్పగిస్తే చూసుకోగలరా?" అంది యజమానురాలు.

ఒప్పుకోమని ఇల్లాలు కళ్ళతోనే అరిచింది. ఆయన కళ్ళు చూస్తే కదా! చూపు దవడ దాటలేదు.

"ఆలోచించుకోండి. ఆదివారాలు రానక్కర్లేదు."

ఆయన నములుతున్నాడు.

"పోనీ, శనివారం ఒంటిపూట."

ఇంకా నములుతున్నాడు. ఇల్లాలు ముక్కను మళ్ళీ కుడి దవడకు మార్చింది. చేతికందింది నోటికి అందకుండా పోతోంది. నోట్లోదేమో గొంతు దిగడం లేదు.

"అబ్బ, గట్టి మనిషే! పనివాళ్ళను కూడా మీరే ఎంచుకోండి. ఇక సరేనా?"

ఇల్లాలు దేవుడి మీద భారం వేసి ముక్కను అమాంతం మింగింది. ఎదుటి గొంతు కూడా గుటుక్కుమంది.

"సరేనండి," అన్నాడాయన.

యజమానురాలు పొంగిపోయింది. "ఇలాంటి మనిషి కోసమే వెతుకుతున్నాను. తిండైనా పనైనా నాది గటుక్కున మింగే రకం. మా ఇంట్లో నమిలేది ఈయనే."

అప్పుడు చూసింది ఇల్లాలు. యజమానురాలి పళ్ళెం ఎప్పుడో ఖాళీ. ఆవిడ భర్త ఇంకా మొదటి ముక్కతోనే కుస్తీ పడుతున్నాడు. అత్తగారి తాతలనాటి లెక్క అక్కడితో తప్పింది.

"రేపట్నుంచి మధ్యాహ్నాలు నాతోనే తినండి. మీ నిదానం నాకూ నేర్పాలి," అంది యజమానురాలు లేస్తూ.

మర్నాడు ఉదయం ఆయన రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. మధ్యాహ్నం యజమానురాలి ఎదుట తినేటప్పుడు పెళ్ళాం దవడ ఉండదు. తన దవడే తనకు దిక్కు.

"ఏమండీ, సాయంత్రం వస్తూ మా అమ్మను తీసుకురండి. నెల్లాళ్ళు ఇక్కడే ఉంటుంది," అంది ఇల్లాలు.

ఆయన గిరుక్కున తిరిగాడు. ఆగమన్నట్టు వేలెత్తాడు. నమిలాడు. గడియారం చూశాడు. ముద్ద ఇంకా మెత్తబడలేదు. సంచీ తగిలించుకుని, మాటా పలుకూ లేకుండా గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

పెళ్ళయ్యాక ఆయన ఆమె మాటకు ఎదురు చెప్పకపోవడం అదే మొదటిసారి.