‘పార్టీలో ఎవరూ మిగలరు’: ప్రేక్షకులు ఏమన్నారంటే

ప్రజాభిప్రాయం తమ ప్రభుత్వానికి ప్రాణంతో సమానమనీ, ఆ ప్రాణం ఎక్కడుందో వెతికి పట్టుకోవడానికి ఒక ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేశామనీ సమాచార శాఖ మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. దాని పేరు ప్రేక్షకాభిప్రాయ సేకరణ విభాగం. అందులో సిబ్బంది ఒక్కరే. ఆ ఒక్కరూ మంత్రిగారి కుర్చీ వెనకే నిలబడి ఉన్నారు. తనని అందులో వేశారన్న సంగతి విలేకరులతోపాటే విన్నారు.

అతను మంత్రిగారి పౌరసంబంధాల అధికారి. ఆఫీసులో అందరూ ప్రెస్‌నోట్ అంటారు. ఇంట్లో కాఫీ ఆలస్యమైనా ‘కాఫీ ఆలస్యమైనట్లు విశ్వసనీయంగా తెలిసింది’ అనే మనిషి కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

ఇంతకీ ఈ హడావిడికి కారణం ఒక గోడ మీది పోస్టరు. మంత్రిగారి కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అది ఆయన కంటబడింది. ‘పార్టీలో ఎవరూ మిగలరు’ అని ఎర్రటి అక్షరాలు. కిందనే సోఫా పక్కన ఒక శవం. ముందు వారమే అధికార పార్టీ నుంచి నలుగురు సభ్యులు అవతలి గట్టుకి దూకి ఉన్నారు.

“ఇది మన పార్టీ గురించే తీశారు,” అన్నారు మంత్రిగారు.

“తమరు చూశారాండీ?”

“చూడక్కర్లేదు. పేరు చదివాను. చూడవయ్యా, ముందు జనంచేత ఆ సినిమాని తిట్టించు. ఆ తిట్లు నాకు తెచ్చి వినిపించు. తర్వాత తీసినవాళ్ళని లోపలేయిద్దాం. ప్రజాస్వామ్యంలో వరస తప్పకూడదు.”

మంత్రిగారి దూరదృష్టికి ప్రెస్‌నోట్ ఎప్పుడూ ముచ్చటపడేవాడు. ఈసారి మాత్రం ముచ్చటపడే వీల్లేకపోయింది. పోస్టరులోని సోఫా అతనిది. సోఫా వెనక వేలాడుతున్న బాతుల బొమ్మల కర్టెన్ అతనిది. నేల మీద పడున్న శవం అతని భార్య.

సినిమా తీసింది అతని బావమరిది. బావ మంత్రిగారితో టూరు వెళ్ళిన రెండు రోజుల్లో, బావ ఇంట్లోనే, ఒక ఫోనూ రెండు టేబుల్ లైట్లూ పెట్టి చుట్టేశాడు. కథ చిన్నది. ఒకడు తన పుట్టినరోజుకి స్నేహితుల్ని ఇంటికి పిలుస్తాడు. కరెంటు పోతుంది. వచ్చినప్పుడల్లా ఒకరు తక్కువవుతుంటారు. పార్టీ పెట్టినవాడే అందర్నీ చంపుతుంటాడు. మొదట పోయేది ప్రెస్‌నోట్ భార్య. నటించడం రాదు మొర్రో అంటే, తమ్ముడు ఆవిడకి పడుకునే వేషం ఇచ్చాడు.

ఆ సాయంత్రం ప్రెస్‌నోట్ చెప్పులు విప్పేలోపే బావమరిది ఎదురొచ్చాడు.

“బావా, ప్రభుత్వం నా సినిమా మీద అభిప్రాయాలు అడుగుతోందట. టీవీలో చెప్పారు. ఎవరో మంచి ఆఫీసరుని వేసుంటారు.”

“నన్నే వేశారు.”

“ఇంకేం మరి. ఉన్నదున్నట్టు చెప్పించు. తెలిసినవాళ్ళని అడిగితే బాగుందంటున్నారు గానీ, బాగుందంటూనే గడియారం చూసుకుంటున్నారు.”

ప్రెస్‌నోట్ మిగతా సంగతి చెప్పాడు. బావమరిది సోఫాలో కూలబడ్డాడు. అతని అక్క వంటింట్లోంచి వచ్చి, “లోపలేయడం వాణ్ణొక్కణ్ణేనా, నన్ను కూడానా?” అని అడిగింది.

“శవాల గురించి మంత్రిగారు ఏమీ అనలేదు.”

ఆవిడ కుర్చీ ఎక్కి కర్టెన్ విప్పేసి, మడతపెట్టి మంచం కింద దాచింది. గుమ్మం బోసిగా కనిపించింది. ప్రెస్‌నోట్ ఆ గుమ్మం వంక చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. అభిప్రాయాలు తనే అల్లి పట్టుకెళ్ళొచ్చు. అలవాటైన పనే. కానీ తిట్లు అల్లితే బావమరిది జైలుకి పోతాడు, పొగడ్తలు అల్లితే తను పోతాడు. ప్రేక్షకులు అన్నది అన్నట్టు వినిపిస్తే, ఇది ఒక పుట్టినరోజు గొడవే తప్ప రాజకీయం కాదని మంత్రిగారికే తెలిసిపోతుంది. సర్వీసులో మొదటిసారి అతను నిజాన్ని నమ్ముకున్నాడు.

థియేటర్ టైర్ల షాపు పక్కన ఉంది. మేనేజరే టిక్కెట్లు చించుతున్నాడు. ప్రభుత్వం నుంచి వచ్చానంటే అతను కుర్చీ తుడిచి వేసి, “ప్రేక్షకులు కావాలంటే కాస్త ఓపిక పట్టాలండీ, ఉన్న నలుగురూ లోపలే ఉన్నారు,” అన్నాడు.

ఆట విడిచాక ప్రెస్‌నోట్ మెట్ల దగ్గర నిలబడి ఫోను ముందుకు చాచాడు.

మొదట ఒక బార్బరు వచ్చాడు. “పార్టీ మొదలైనప్పుడు ఎంత హుషారుగా ఉన్నారండీ అందరూ. సగం అయ్యేసరికి ఎవడి మీద ఎవడికీ నమ్మకం లేదు.”

తర్వాత రిటైరైన లెక్కల మాస్టారు. “ఒక్కడికీ మాట్లాడటం రాదు. వెనక ఎవరో అందిస్తుంటే అప్పజెబుతున్నట్టుంది. అందించేవాడికీ రాదు.”

డ్యూటీ దిగి వచ్చిన నర్సమ్మ మొహమాటపడింది. “ఒక్కొక్కళ్ళే పోతుంటే బాధపడాలి కదండీ. నాకైతే హమ్మయ్య అనిపించింది. పార్టీ తొందరగా అయిపోతుంది కదా అని.”

చివర ఒక కాలేజీ అమ్మాయి. “పార్టీ పెట్టినవాడే హంతకుడని నాకు ఎప్పుడో తెలిసిపోయింది. లోపలున్నవాళ్ళకే తెలీలేదు.”

ఇంటికి వెళ్తూ బస్సులో కూర్చుని అవన్నీ మళ్ళీ విన్నాడు ప్రెస్‌నోట్. అప్పుడు తట్టింది, ఒక్కరి నోటా పుట్టినరోజు అన్న ముక్క రాలేదని. గబగబా దిగి, ఎదురు బస్సెక్కి థియేటర్‌కి పరిగెత్తాడు. మేనేజరు తలుపులు వేస్తూ, తర్వాతి ఆటకి ఎవరూ రాలేదనీ, అందుకని ప్రజాభిప్రాయం రేపటిదాకా దొరకదనీ చెప్పాడు.

మర్నాడు మంత్రిగారు తన గదిలో కళ్ళు మూసుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని ప్రజాభిప్రాయం ఆలకించారు. ప్రజల మాట వింటున్నప్పుడు ఆయన ముఖంలో అంత ప్రశాంతత ఉంటుందని ఎవరూ అనుకోరు. బార్బరు మాట పూర్తికాగానే ఒక కన్ను తెరిచారు.

“ఈ బార్బరుకి మన కార్యవర్గం సంగతులు ఎవరు చేరవేస్తున్నారు?”

“ఆయన సినిమాలో పార్టీ గురించి చెబుతున్నాడండీ. అది రాజకీయం కాదండీ, పుట్టినరోజు పార్టీ.”

“పుట్టినరోజే. మొన్న పార్టీ ఆవిర్భావ దినం జరిపాం కదా. కేకు కూడా కోశాం. దాని మీదే తీశాడు.”

ప్రెస్‌నోట్ గబుక్కున తర్వాతి అభిప్రాయం వేశాడు. మాస్టారి మాట వచ్చింది. మంత్రిగారు తన ఉపన్యాసాలు రాసేది ప్రెస్‌నోటే కాబట్టి అతని వంక అనుమానంగా చూశారు. నర్సమ్మ మాట విన్నాక మంచినీళ్ళు అడిగి తాగారు. “నర్సుకి కూడా హమ్మయ్య అనిపించిందా,” అని గ్లాసు వంక చూస్తూ ఉండిపోయారు. ఆ ఒక్క నిమిషం ఆయన మంత్రిలా లేరు.

అప్పుడు కాలేజీ అమ్మాయి మాట్లాడింది.

మంత్రిగారు రెండు కళ్ళూ తెరిచారు. “మళ్ళీ వెయ్యి.”

మళ్ళీ వేశాడు.

“పార్టీ పెట్టినవాడే,” అన్నారు మంత్రిగారు మెల్లిగా, నాలుక మీద పెట్టుకుని రుచి చూస్తున్నట్టు. అధికార పార్టీని పెట్టింది దాని అధ్యక్షులవారు. అందరూ పెద్దాయన అంటారు. ఆయన కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని మంత్రిగారు జుట్టు నెరిసేదాకా వినయంగా కాచుకుని ఉన్నారు. “ప్రజలు ఎంత తెలివైనవాళ్ళయ్యా. మనం అనలేని మాట కాలేజీ పిల్ల అనేసింది.”

“మరి తీసినవాణ్ణి లోపలేయడం...”

“ఎవరు వేసేది? కళాకారుడి జోలికొస్తే నేను ఊరుకోను.”

పార్టీ కార్యవర్గం అత్యవసరంగా సమావేశమైంది. మంత్రిగారు లేచి, వ్యక్తిగతంగా తనకి పెద్దాయన దేవుడనీ, కానీ ప్రజల మాట దాచే హక్కు తనకి లేదనీ గద్గద స్వరంతో చెప్పి, ప్రెస్‌నోట్‌కి సైగ చేశారు. కాలేజీ అమ్మాయి గొంతు మైకులోంచి హాలంతా వినిపించింది.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఈ సినిమా మీలో ఎంతమంది చూశారు?”

చూడలేదంటే ప్రజాభిప్రాయం తెలియనట్టు అవుతుంది. అన్ని చేతులూ లేచాయి.

“చివర్లో ఏమవుతుంది?”

లేచిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. యువజన విభాగం నాయకుడు ధైర్యం చేసి, “ప్రజలు గెలుస్తారండీ,” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల ఊపులోనే పెద్దాయన్ని తప్పించే తీర్మానం పెట్టేశారు, చదవకుండానే ఆమోదించేశారు.

పెద్దాయన చెప్పులు వేసుకుని బయటికి వస్తూ ప్రెస్‌నోట్ దగ్గర ఆగారు. “నువ్వయినా చూశావా బాబూ?”

“చూశానండీ.”

“నిజంగా నేనే చంపానా?”

“సినిమాలో ఆ ఇంటాయన చంపుతాడండీ.”

“ఎందుకటా?”

“కారణం చూపించలేదండీ. రెండు రోజుల్లో తీశారు, టైం సరిపోలేదు.”

పెద్దాయన తల పంకించారు. “అంతేలే,” అని మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆయనకి కారు తలుపు తీయడానికి కూడా ఎవరూ వెళ్ళలేదు. ప్రెస్‌నోట్ వెళ్ళబోయాడు గానీ చేతిలో మైకు తీగ ఉంది.

మంత్రిగారు పార్టీ అధ్యక్షులయ్యారు. సినిమాకి పన్ను మినహాయింపు వచ్చింది. కార్యకర్తలు లారీల్లో దిగి, తమ ముఠావాళ్ళు అనుకున్నవాళ్ళు చచ్చినప్పుడు కంటతడి పెట్టి, అవతలి ముఠావాళ్ళు అనుకున్నవాళ్ళు చచ్చినప్పుడు ఈలలు వేస్తున్నారు. టైర్ల షాపువాడు షాపు ఎత్తేసి పార్కింగు పెట్టుకున్నాడు. ప్రెస్‌నోట్ భార్యని వీధిలో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆపి, అంత సహజంగా ఎలా పడుకోగలిగారని అడుగుతున్నారు. ఆవిడ మంచం కింద నుంచి కర్టెన్ తీసి, ఇస్త్రీ చేసి గుమ్మానికి కట్టింది.

బావమరిది ముఖంలో మాత్రం కళ లేదు.

“బావా, సినిమా ఎలా ఉందో ఒక్కడూ చెప్పడం లేదు. జైలు తప్పింది, సంతోషమే. కానీ ఎవరినడిగినా పెద్దాయన గురించి చెబుతున్నారు. మొదటిరోజు నలుగురు మాట్లాడారన్నావు చూడు, అవి ఒకసారి వినిపించు.”

“అవి ఇప్పుడు పార్టీ రహస్యాలు. ఫోను కూడా తీసేసుకున్నారు.”

బావమరిది ఊరుకోలేదు. ఊరంతా గాలించి ఆ బార్బరుని పట్టుకున్నాడు. గడ్డం గీయించుకుంటూ, తను ఎవరో చెప్పకుండా, ఆ సినిమా ఎలా ఉందని అడిగాడు. బార్బరు కత్తి ఆపి, వీధి వైపు ఒకసారి చూసి, “మహాద్భుతం. నేను మొదట్నుంచీ అదే చెబుతున్నాను. మళ్ళీ ఎవరైనా అడిగినా అదే చెబుతాను,” అన్నాడు. బావమరిది సగం గడ్డంతోనే ఇంటికి వచ్చేశాడు.

ఆ వారమే కొత్త అధ్యక్షులవారి గౌరవార్థం ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటైంది. కార్యవర్గమంతా కొత్త బట్టలతో వచ్చింది. ముందు వరసలో అధ్యక్షులవారు, పక్కన యువజన విభాగం నాయకుడు, వాళ్ళ వెనకే ప్రెస్‌నోట్ దంపతులు. బావమరిది లోపల కూర్చోలేనని తలుపు దగ్గర నిలబడ్డాడు.

కాసేపటికి అధ్యక్షులవారు వెనక్కి వాలి గుసగుసగా అడిగారు. “మన పార్టీ ఎప్పుడొస్తుంది?”

“ఇదేనండీ,” అన్నాడు ప్రెస్‌నోట్.

“ఇదేదో ఇంట్లో పుట్టినరోజులా ఉందే.”

“అవునండీ.”

అధ్యక్షులవారు ఇంకాస్త వెనక్కి వాలారు. తెర మీద కరెంటు పోయింది, హాలు చీకటైంది. “ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?”

“చూసినవాళ్ళందరికీ తెలుస్తుందండీ.”

అధ్యక్షులవారు తల తిప్పి హాలంతా కలియజూశారు. కార్యవర్గం మొత్తం చేతులు కట్టుకుని, భక్తిగా తెర వంక చూస్తోంది. కోశాధికారి కళ్ళు ఒత్తుకుంటున్నాడు. అధ్యక్షులవారు యువజన నాయకుడి వైపు వంగి, “ఇందులో నేనెవర్ని?” అన్నారు.

“చివరిదాకా మిగిలేది తమరేనండీ,” అన్నాడు ఆ కుర్రనాయకుడు, కళ్ళు తెర మీంచి తిప్పకుండా.

అధ్యక్షులవారు సీట్లో సర్దుకుని కూర్చున్నారు. తెర మీద ఇంటాయన ఆఖరివాణ్ణి కూడా సోఫా వెనక్కి లాగేసి, చేతులు కడుక్కుని వచ్చి, ఖాళీ గదిలో ఒక్కడే కేకు ముందు కూర్చున్నాడు. తాపీగా ఒక ముక్క కోసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అధ్యక్షులవారు చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా లేచి నిలబడింది. తలుపు దగ్గర బావమరిది, జనం దేనికి చప్పట్లు కొడుతున్నారో తెలియక, తనూ కొట్టాడు.

“ఆ చివరి ముక్క ఇంకోసారి వెయ్యమనండి,” అన్నారు అధ్యక్షులవారు.

వేశారు. మళ్ళీ వెయ్యమన్నారు.

ప్రెస్‌నోట్ భార్య మొగుడి చెవి దగ్గరికి వంగింది. “ఏమండీ, నేను మొదట్లోనే చచ్చిపోయాను కాబట్టి తెలీక అడుగుతున్నాను. ఆ తర్వాత పోలీసులొస్తారు కదూ?”

“రారు. పోలీసు డ్రెస్సులు అద్దెకి దొరకలేదని మీ తమ్ముడు ఆ సీను తీసేశాడు.”