ఐదో గేరు స్వాధీనం

శాంతిభద్రతలు ఏ గేరులో నడవాలో నిర్ణయించే అధికారం ప్రభుత్వానిదే తప్ప బండిది కాదని తొంభై ఒకటో సంవత్సరం వేసవిలో తేలిపోయింది. తేల్చినవాడు ఒక పెద్ద పోలీసు అధికారి. ఆ నెలలోనే ఆయన కొత్త కారు కొన్నాడు. దానికి ఐదు గేర్లున్నాయి. (అంతకు ముందు ఆయనది జీపు. దానికి గేర్లుంటాయన్న సంగతి డ్రైవరుకు మాత్రమే తెలుసు.) ఐదోది వేయగానే ఇంజను గొంతు తగ్గడం గమనించి, మర్నాడే చెక్‌పోస్టులన్నిటికీ సర్క్యులర్ పంపాడు. 'విలువైన ప్రతి కారుకూ ఐదు గేర్లు ఉండును. ఇంజను మొత్తుకుంటూ వచ్చే కారు ఐదో గేరును ఎక్కడో దాచినట్టు భావించి తగు చర్య తీసుకొనవలెను.'

మేడిపల్లి రామస్వామికి ఈ సర్క్యులర్ సంగతి తెలియదు. తెలిసుంటే సైకిలు తొక్కుకునేవాడు. ఎనిమిదేళ్ళు దుబాయిలో డ్రైవరీ చేసి, పాస్‌పోర్టు గడువు తీరితే కొత్తది చేయించుకుందామని ఇంటికొచ్చాడు. పాత సేటు మళ్ళీ రమ్మన్నాడు. జూన్ ఆఖరులోపల దిగకపోతే మాత్రం ఆ కొలువు ఇంకొకరికి పోతుంది. పాస్‌పోర్టు రావాలంటే పోలీసు ఎంక్వయిరీలో 'ప్రవర్తన మంచిది' అన్న ఒక్క ముక్క పడాలి. ఆ ముక్క కోసం ఎదురుచూస్తూ మదన్ మోహన్ రావు గారి కారు నడుపుతున్నాడు.

మదన్ మోహన్ రావు గారు రుద్రంగి దొర. పిల్లల చదువుల కోసం జగిత్యాలకు మకాం మార్చారు. (పిల్లలు అప్పటికే హైదరాబాదులో చదువుతున్నారు. ఊళ్ళో గోడల మీద ఎర్ర రాతలు వెలిసిన వారానికే చదువుల ధ్యాస కలగడం యాదృచ్ఛికం.) కారు పాత జర్మనీ డీజిలుది, వేలంలో కొన్నది. ఇంజను రాయిలాంటిది. గేర్లు మాత్రం నాలుగే.

మే నెలలో ఒకరోజు కోరుట్ల నుంచి తిరిగొస్తుంటే చెక్‌పోస్టులో ఆపారు. రెండు ఫర్లాంగుల దూరం నుంచే ఎస్సై ఇంజను అరుపు విన్నాడట.

"ఐదో గేరు ఏడ వెట్టినవ్?"

"లేదు సార్. గీ బండికి నాలుగే."

"పిట్టంత కార్లకు ఐదుంటున్నయ్. గీ ఏనుగంత దానికి నాలుగా? ఎవ్వలికి జెప్తున్నవ్?"

రామస్వామికి బండి గురించి అడిగితే చాలు, ఒళ్ళు తెలియదు. "నాలుగోదే ఆఖరుది సార్. దాంట్ల ఇంజన్ ఒక్క సుట్టు తిరిగితే షాఫ్టు ఒక్క సుట్టు తిరుగుతది. గుట్టలెక్కాల్నని ఎనుక ఇరుసుల పండ్లు గట్ల వెట్టిండ్రు. అందుకే తొంభై మీద పోతే నిమిషానికి మూడు వేల సుట్లు తిరుగుతది. మొత్తుకుంటది గని దానికేం గాదు" అని విడమరిచి చెప్పాడు.

ఎస్సై శ్రద్ధగా రాసుకున్నాడు. 'మూడు వేల సార్లు తిరిగినట్టు అంగీకరించాడు. ఎవరి కోసం తిరిగిందీ విచారించాలి.'

వెనక సీట్లో దొర గొంతు సవరించుకున్నారు. రామస్వామి ఆశగా అద్దంలోకి చూశాడు. "గేర్ల సంగతి నాకేం తెల్వదు. అన్నీ మా డ్రైవరే చూస్కుంటడు" అన్నారు దొర.

బండి దొరది కనుక వదిలేశారు. గేరు మీది చెయ్యి డ్రైవరుది కనుక ఫైలు రామస్వామి పేరున తెరిచి, సిరిసిల్లలో కొత్తగా పెట్టిన 'వాహన అంతర్భాగాల ప్రత్యేక విచారణ సెల్లు'కు పంపారు. పాస్‌పోర్టు కాగితం ఆ ఫైలు కింద పడింది. ఇక పైది కదిలితేనే కిందిది కదులుతుంది.

సెల్లులో రైటరు పేరు ఆనందం. పక్కింటి మగ్గాల చప్పుడుకు అలవాటుపడి ఎవరితోనైనా గట్టిగానే మాట్లాడతాడు. "గేరన్న తేవాలె, లేదంటే అది ఎన్నడూ లేదని రుజువన్న తేవాలె" అన్నాడు.

రామస్వామి మేడిపల్లి సర్పంచి దగ్గర రాయించుకొచ్చాడు. 'మా గ్రామంలో ఐదో గేరు లేదు. గతంలోనూ ఉన్నట్టు పెద్దలెవరూ ఎరగరు.' వేరే ఊళ్ళో దాచి ఉండవచ్చునని సెల్లు అభిప్రాయపడింది. బీర్పూర్ నుంచి కూడా అలాంటిదే తెచ్చాడు. ఆఖరుకు కారు డబ్బాలోని కంపెనీ పుస్తకాన్నే తెచ్చి, నాలుగు గేర్ల బొమ్మ చూపించాడు. బొమ్మ కింది రాత జర్మనీ భాషలో ఉన్నందున, వ్యవహారంలో విదేశీ హస్తం ఉన్నట్టు ఫైలులో ఇంకో పేజీ చేరింది.

ఇంతలో ఓ పొద్దున కారు వైపరు కింద, గోడల మీద ఎర్ర రాతలు రాసే అన్నల కాగితం కనిపించింది. పోలీసులు ఇంతగా వెతుకుతున్నారంటే ఐదో గేరు ప్రజల ఆస్తే అయివుంటుందనీ, దాన్ని పదిహేను రోజుల్లో ప్రజలకు అప్పగించాలనీ రాశారు. (దీనికీ నంబరూ తేదీ ఉన్నాయి. ముద్ర సెల్లువాళ్ళ దానికంటే నిండుగా పడింది.)

అప్పటికి జూన్ ఇరవై. రామస్వామి భార్య ఊర్మిల బియ్యంలో రాళ్ళేరుతూ మొగుడు చెప్పిందంతా విన్నది. "లేదన్నోన్ని ఎవ్వలు నమ్ముతలేరు. ఇచ్చినోన్నే నమ్ముతరు. కోరుట్ల పాత సామాన్ల దుకాణంల ఒక పండ్ల చక్రం కొనుక్కచ్చి వాళ్ళ మొకాన కొట్టరాదు?"

"అది లారీదైతదే."

"లారీదో కారుదో వాళ్ళకెర్కనా?"

రామస్వామికి సిగ్గనిపించింది. ఎడారిలో ఎనిమిదేళ్ళు బండి విషయంలో ఒక్క అబద్ధమాడలేదు. అయినా కొన్నాడు. తుప్పు పోయేదాకా కిరసనాయిలుతో కడిగాడు. మర్నాడు గోనెసంచిలో చుట్టి సిరిసిల్ల బస్సెక్కాడు.

సెల్లులో పండగ. ఏడు కిలోలు తూగింది. టేబులు మీద తెల్ల గుడ్డ పరిచి, చక్రం పెట్టి, వెనక రామస్వామిని నిలబెట్టి పేపరువాళ్ళతో ఫొటో తీయించారు. తరువాత ఆనందం ఒక పెద్ద పుస్తకం తెరిచాడు. 'ఆయుధం రకం' అన్న గడిలో 'గేరు, ఇనుపది' అని నింపాడు. 'దళం పేరు' దగ్గర ఆగి తలెత్తాడు.

"ఏ దళం?"

"ఏ దళం లేదు సార్. నేను డ్రైవర్ను." 'చెప్పుటకు నిరాకరించాడు' అని ఆనందం రాస్తుంటే రామస్వామి వంగి చూశాడు. "గిది లొంగిపోయినోళ్ళ పుస్తకం గద సార్?"

"నీ అంతట నువ్వే అచ్చి ఇచ్చినవ్ గద. గట్ల ఇచ్చెటోళ్ళకు మాకాడ గీ ఒక్క పుస్తకమే ఉన్నది. నిమ్మలంగ సంతకం వెట్టు. నీ పాస్‌పోర్టు కాగితం ఇయ్యాల్నే పంపుత."

ఆనందం మాట తప్పే మనిషి కాదు. ఆ సాయంత్రమే పంపాడు. లొంగిపోయిన వ్యక్తి దేశం దాటరాదన్న నిబంధన ప్రకారం పాస్‌పోర్టు నిరాకరించవలసిందిగా అందులో సిఫారసు ఉంది.

అన్నలూ పేపరు చదువుతారు. ప్రజల ఆస్తిని శత్రువుకు అప్పగించినందుకు సంజాయిషీ ఇవ్వాలని రెండో కాగితం పంపారు. సంజాయిషీ ఎక్కడ ఇవ్వాలో చిరునామా మాత్రం రాయలేదు. లొంగిపోయినవాణ్ణి పనిలో పెట్టుకుంటే రెండు వైపులా ఇబ్బందని దొర వేరే డ్రైవరును చూసుకున్నారు. జూన్ దాటింది. దుబాయి కొలువు రుద్రంగి ముత్యం అనే ఇంకో డ్రైవరుకు పోయింది.

ఇప్పుడు రామస్వామి ప్రతి సోమవారం రెండు బస్సులు మారి సిరిసిల్ల వచ్చి లొంగిపోయినవాళ్ళ పుస్తకంలో సంతకం పెడుతున్నాడు. ఆనందం ఆ సంతకం పక్కనే, వారం తప్పకుండా, గుండ్రని అక్షరాలతో 'ప్రవర్తన మంచిది' అని రాస్తున్నాడు. ఆ పుస్తకాన్ని ఆఫీసు గడప దాటించడానికి మాత్రం అనుమతి లేదు.