మామగారు మాయం చేసిన ఎలుగుబంటి

దసరా రోజు ఉదయం వేణుమాధవ్ వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. ఆఫీసుకు వెళ్లాలి, మూడింటికల్లా బయటపడాలి, గరాజ్‌లో ఐస్ పెట్టెలో ఉన్న ఎలుగుబంటి తలనూ తోలునూ కారులో వేసుకుని వన్యప్రాణి శాఖ ఆఫీసుకు తీసుకెళ్లాలి. వేటాడిన ఎలుగును పది రోజుల్లోగా వాళ్లకు చూపించాలని అరిజోనాలో రూలు. వాళ్లు ఒక పన్ను పీకి, దాన్నిబట్టి వయసు లెక్క కట్టుకుని, సరేనని పంపించేస్తారు. తర్వాత చాండ్లర్‌కు తిరిగొచ్చి అత్తమామలతో కలిసి పండుగ భోజనం చెయ్యాలి. ఒక్కటే షరతు. ఈ ఎలుగు సంగతి మామగారికి తెలియకూడదు.

మామగారు కొండల్ రావు ఆదిలాబాద్ అడవుల్లో రేంజ్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యారు. కుందేలును పట్టాడని సొంత మేనమామ కొడుకునే స్టేషన్‌కు పంపిన మనిషి. అందుకే ఇంద్రజ మొగుడికి ముందే చెప్పి పెట్టింది: "నాన్న ఇక్కడున్న ఆరు నెలలూ నీ హంటింగ్ ఊసెత్తకు. ఆయన ఫ్లైట్ ఎక్కాక ఏం వండుకుంటావో వండుకో." వేణుమాధవ్ సరేనన్నాడు. పోయిన శనివారం ఆఫీసు క్యాంపింగ్ అని చెప్పి, సహోద్యోగి డేల్‌తో కలిసి కొండలకు పోయాడు. రెండు సీజన్లు ఉత్త చేతులతో తిరిగొచ్చాక ఈసారి ఒక చిన్నపాటి నల్ల ఎలుగు దొరికింది.

దొరికాక చెయ్యవలసిన పనులన్నీ డేల్ దగ్గరుండి చేయించాడు. ఎలుగు ఒంట్లో కొవ్వు ఎక్కువ, వేడి పట్టుకుని కూర్చుంటుంది, ఆలస్యమైతే మాంసం పాడవుతుంది. కాబట్టి అక్కడికక్కడే తోలు తీసి, కొవ్వు చెక్కేసి, ఎముకల నుంచి మాంసం వేరుచేసి, ఐస్‌లో పెట్టుకుని తెచ్చారు. ఇంటికొచ్చాక తెల్లకాగితంలో చుట్టి ఫ్రీజర్‌లో పేర్చాడు. తలను మాత్రం ఫ్రీజ్ చేయకూడదు, పన్ను ఊడదు. నోరు బిగుసుకుపోకుండా దవడల మధ్య ఒక కర్రముక్క అడ్డంపెట్టి ఐస్ పెట్టెలో ఉంచాడు. పాదాలను డేల్ అడవిలోనే వదిలేద్దామన్నాడు. వేణుమాధవ్ ఒప్పుకోలేదు. పాయా అన్నాక కాళ్లు పారేస్తారా? వాటి తోలు కూడా ఒలిచి తలకు తోడుగా పెట్టాడు. ఆ జిహ్వచాపల్యమే కొంప ముంచింది.

తొమ్మిది దాటాక అత్తగారు కోటమ్మ వంటింట్లోంచి కేకేసింది. "గరాజ్ ఫ్రీజర్ల గోంగూర ఉన్నదట, జర తెండి."

కొండల్ రావు ఫ్రీజర్ తెరిచారు. తెల్లకాగితం పొట్లాలు తప్ప గోంగూర కనబడలేదు. పక్కనున్న ఐస్ పెట్టెలో ఉందేమోనని మూత తీశారు. నోట్లో కర్రముక్క పెట్టుకుని ఎలుగుబంటి ఆయనవైపు చూసింది.

ఆయన మూత వేసి బియ్యం బస్తా మీద కూలబడ్డారు. ఎలుగు! వాళ్ల అడవుల్లో అయితే బెయిలు కూడా రాని కేసు. మొన్ననే ఇంద్రజ అంది, గ్రీన్ కార్డ్ ఆఖరి దశలో ఉంది నాన్నా, ట్రాఫిక్ టికెట్ తగిలినా భయమేస్తోందని. ఈ పెట్టె ఎవరి కంటైనా పడితే అల్లుడు జైలుకు, కూతురు మూటాముల్లె సర్దుకుని ఇండియాకు. కొండల్ రావు ఆ బస్తా మీది నుంచే అల్లుడికి ఫోన్ చేశారు. వేణుమాధవ్ పనిచేసేది చిప్‌లు తయారుచేసే గదిలో. లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. కూతురు ఏదో మీటింగ్‌కని టూసాన్‌లో ఉంది. ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు. బిడ్డకు తెలియకముందే అంతా సర్దేయాలని నిశ్చయించుకుని భార్యను పిలిచారు.

"కోటమ్మా, మన అల్లుడు ఎలుగును కొట్టిండు. ఈ మాట గోడలకు సుత తెల్వద్దు."

కోటమ్మ ఒక పొట్లం విప్పి వాసన చూసింది. "మంచిగున్నది. ఇప్పుడేం జేద్దామంటరు?"

"నేను ఓడిపోయిన కేసులన్నీ ఒక్కతీరే. మేము జీపు దిగేసరికి కూర అయిపోయి, గిన్నెలు కడిగి బోర్లించి ఉంటుండె. కడుపుల వడ్డ సాక్ష్యం కోర్టుకు రాదు. ఇయ్యాల దసరా. ఎవరింటికి కూర పంపినా ఎందుకని అడగరు. మొత్తం వండు."

"సరే."

భార్య అంత తేలిగ్గా ఒప్పుకోవడం కొండల్ రావుకు నచ్చలేదు. "నీకు పాపమనిపిస్తలేదా? అడవి జీవిని గిట్ల..."

"పెండ్లిచూపులకు వచ్చిననాడు మా ఇంట్ల మీకు వెట్టిన కూర ఏందనుకున్నరు?"

"మేకపోతు."

"దుప్పి. మీరు మూడుసార్లు మారు అడిగిన్రు."

కొండల్ రావు లేచి పొట్లాలు మోసుకుపోయి పెరట్లో ఎండలో పరిచారు. అరిజోనా ఎండకు అవి చూస్తుండగానే కరిగాయి. ఫ్రీజర్ అడుగున గోంగూర బయటపడింది, దాన్ని కోటమ్మ పప్పుకని తీసిపెట్టింది.

పన్నెండింటికల్లా ఇంట్లో ఉన్న రెండు కుక్కర్లూ, పెద్ద డేగిసా పొయ్యిల మీద ఉన్నాయి. వెనకవీధి గిరిజ జమ్మికి బదులు ఇక్కడి మెస్కీట్ చెట్టు ఆకు తీసుకుని పెద్దవాళ్ల దీవెనలకని వచ్చింది. వచ్చిన మనిషిని వచ్చినట్టే పట్టుకున్నారు. కూర పంచాలంటే కారు కావాలి, వీళ్లిద్దరికీ డ్రైవింగ్ రాదు మరి. కోటమ్మ ఖాళీ పెరుగు డబ్బాలన్నీ నింపి ఆమె చేతికిచ్చింది.

"అంకుల్, మటన్ ఏ స్టోర్‌లో కొన్నారు? స్మెల్ అదిరిపోతోంది!"

"అల్లుడు దెచ్చిండమ్మా. దూరంకెళ్లి," అన్నారు కొండల్ రావు. ఆయన అబద్ధమాడలేదని మనం గమనించాలి.

గిరిజ ఏడు ఇళ్లకు డబ్బాలు చేరవేసింది. ఇక మిగిలినవి తల, తోలు, పాదాలు. కొండల్ రావు పార తీసుకుని పెరటి మూలకు వెళ్లారు. ఆ నేల సున్నపురాయిలాంటిది, పార వేస్తే ఖంగుమంటుందే తప్ప దిగదు. గంటసేపు చెమటోడిస్తే జానెడు గొయ్యి పడింది. అందులోనే అన్నీ సర్ది, మట్టి కప్పి, పైన మెస్కీట్ ఆకు పరిచి, వచ్చి స్నానం చేశారు. అల్లుణ్ణి గట్టెక్కించానన్న తృప్తితో కాస్త కన్నంటుకుంది కూడా.

కుక్కలకు దసరా ఏమిటి, సాక్ష్యమేమిటి? పక్కింటి బార్బరా పెంచే కుక్క తెరిచి ఉన్న గేటులోంచి దూరి, గొయ్యి గీరి, ఒక పాదాన్ని నోట కరుచుకుని పోయి యజమానురాలి ఒళ్లో పెట్టింది. తోలు ఒలిచిన ఎలుగు పాదం అచ్చం మనిషిదిలాగే ఉంటుంది. ఐదు వేళ్లు, అరికాలు, మడమ, అన్నీ ఉంటాయి. బార్బరా నర్సుగా చేసి రిటైరైంది. తనకు బాగా తెలిసిన వస్తువే అనుకుని పోలీసులకు ఫోన్ చేసింది.

పోలీసు వచ్చి తలుపు తట్టాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో పాదం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. కొండల్ రావు అంత దూరం కూడా పోనివ్వలేదు. సంచి చూడగానే, అల్లుడు ఇంటికొచ్చేలోపు కేసు తన మీద వేసుకోవాలని నిర్ణయించుకున్నారు.

"దీని గురించి మీకేమైనా తెలుసా?" అని ఇంగ్లీషులో అడిగాడు పోలీసు.

"ఐ కిల్డ్, సర్," అన్నారు కొండల్ రావు నిటారుగా నిలబడి. "ఓన్లీ మీ. మై సన్ ఇన్ లా ఈజ్ ఇన్నోసెంట్. హీ ఈజ్ గోయింగ్ ఆఫీస్ డైలీ."

పోలీసు రెండడుగులు వెనక్కి వేశాడు. "మిగతా శరీరం ఎక్కడుంది?"

"ఫినిష్డ్, సర్. మై వైఫ్ కుక్డ్. సెవెన్ హౌసెస్ డిస్ట్రిబ్యూటెడ్. టుడే ఫెస్టివల్."

సరిగ్గా అప్పుడే గిరిజ ఖాళీ డబ్బా పట్టుకుని కారు దిగింది. పోలీసు ముందు తెలుగులో మాట్లాడితే బాగుండదని ఇంగ్లీషులోనే అడిగింది. "అంకుల్, ఈజ్ దేర్ ఎనీ మోర్? కిడ్స్ లవ్డ్ ఇట్!"

పోలీసు రేడియోలోకి ఏం చెప్పాడో ఎవరికీ వినబడలేదు గానీ, కాసేపటికి వీధినిండా కార్లు నిండాయి. గిరిజనూ కొండల్ రావునూ ఫుట్‌పాత్ అంచున చెరో పక్క కూర్చోబెట్టారు. కోటమ్మ లోపల్నుంచి అన్నం మీద కూర వేసిన ప్లేటు తెచ్చి, పండుగ పూట ఇంటికొచ్చినవాళ్లు తినకుండా పోకూడదని పోలీసు ముందు పెట్టింది. అతను తల అడ్డంగా ఊపాడు.

వేణుమాధవ్ వచ్చేసరికి ఇంటి చుట్టూ పసుపుపచ్చ టేపు కట్టేశారు. కారు అడ్డంగా వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. సంచిలోని పాదాన్ని చూడగానే అతనికి సంగతి సగం అర్థమైంది.

"ఆఫీసర్! అది బేర్! నా బేర్! లైసెన్స్ ఉంది, ట్యాగ్ ఉంది!"

"అల్లుడూ, నువ్వు నోరు ముయ్యి!" ఫుట్‌పాత్ మీద నుంచి అరిచారు కొండల్ రావు. "కేసు నేను ఒప్పుకున్న. నువ్వు మధ్యల రాకు!"

"ఏం కేసు మామయ్యా? గవర్నమెంటే పర్మిట్ ఇచ్చింది!"

"ఎలుగును చంపమని గవర్నమెంట్ పర్మిట్ ఇస్తదా? ఎవరికి చెప్తున్నవ్?"

అల్లుడు పర్సులోంచి తీసిచ్చిన లైసెన్సును కొండల్ రావు ముందు కళ్లజోడుతో చదివారు, తర్వాత కళ్లజోడు తీసి చదివారు. "మరి నాకు ముందు ఎందుకు చెప్పలే?"

"మీరు తిడతారని."

కొండల్ రావు లైసెన్సు తిరిగి ఇచ్చేశారు. "తిడుదును. తిట్టి ఊకుందును. నీ గ్రీన్ కార్డ్ పాయె, నా బిడ్డ సంసారం రోడ్డు మీద వడెనని పొద్దటి నుంచి సచ్చిపోతున్న గదా!"

ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి వేణుమాధవ్‌కు సిగ్గేసింది. తనకోసం జైలుకు పోవడానికి సిద్ధపడ్డ మనిషి దగ్గర ఒక జంతువును దాచిపెట్టాడు. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

ఇంతలో వన్యప్రాణి శాఖ ఆఫీసరు వచ్చింది. హోల్ట్ అని నెరిసిన జుట్టావిడ. సంచి చూసి, "ఎలుగు వెనక కాలు. ప్రతి సీజన్‌లోనూ ఇలాంటి ఫోన్లు వస్తాయి," అంది. పోలీసులు కట్టిన టేపు విప్పడం మొదలుపెట్టారు. ఆవిడ మాత్రం కదల్లేదు. ఎలుగును కొట్టడానికిచ్చే ట్యాగ్ అల్లుడి పేరున ఉంది, నేరం మామ ఒప్పుకున్నాడు. లైసెన్సు లేని విజిటర్ ఎలుగును చంపితే ఆవిడ ఊరుకోదు. అల్లుడే చంపితే తలను పాతిపెట్టడం దేనికి? అన్నిటికంటే ముఖ్యం, మాంసమేది? వేటాడిన మాంసాన్ని పారేయడం ఇక్కడ నేరమే.

కొండల్ రావును పక్కకు పిలిచింది. "ఏ తుపాకీతో కాల్చారు?"

"బిగ్ గన్, మేడమ్."

"ఎక్కడ తగిలింది?"

"బాడీలో."

హోల్ట్ నవ్వు ఆపుకుంది. నేను చెయ్యలేదు మొర్రో అని ఏడ్చేవాళ్లను చాలామందిని చూశాను గానీ, చేశానని ఇంత పట్టుబట్టేవాణ్ణి ఇదే మొదటిసారి చూడటం అంది. గొయ్యి తవ్వించి తలను బయటికి తీయించింది. కర్రముక్క ఇంకా దవడల మధ్యే ఉండటం చూసి మెచ్చుకుంది. తన ట్రక్కు వెనక తలుపు మీదే తలను పెట్టుకుని పన్ను పీకుతుంటే, ఆవిడ వద్దన్నా వినకుండా కొండల్ రావు దవడ పట్టుకుని నిలబడ్డారు. ఉద్యోగం మానినా ఆయన చేతులు మానలేదు.

"మాంసం బాగా ఉడికించారా? ఎలుగు మాంసంలో పురుగులుంటాయి. లోపలిదాకా ఉడకాలి," అంది హోల్ట్.

వేణుమాధవ్ ముఖం పాలిపోయింది. "అత్తయ్యా, ఎన్ని విజిల్స్ వచ్చాయి?"

"విజిలు లెక్కవెట్టి వండేది మీ తరమోళ్లు. ఏలు వెడితే ముక్క విచ్చుకపోవాలె, అప్పటిదాంక దించలే."

అల్లుడి తర్జుమా విని హోల్ట్ సంతృప్తి పడింది. "ఇక్కడ ఎలుగును కొట్టేవాళ్లు చాలామంది సగం మాంసం ఫ్రీజర్‌లో మర్చిపోతారు. మీరు ఒక్క ముక్క వృథా చెయ్యలేదు," అని వేణుమాధవ్ చెయ్యి గట్టిగా ఊపింది.

ఇదంతా వింటున్న గిరిజకు అప్పుడు వెలిగింది. "అంటే... మేం తిన్నది..." అని చేతిలోని ఖాళీ డబ్బా వైపు చూసింది. ఏడు ఇళ్ల పిల్లలూ గుర్తొచ్చారు కాబోలు. "ఆంటీ, ఇందులో ధనియాలు వేయించి వేశారా, పచ్చివేనా?"

మొదట వచ్చిన పోలీసు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఎలుగేనని ఖాయమయ్యాక మొహమాటంగా కోటమ్మ దగ్గరికి వెళ్లి, చిన్నప్పుడు మా తాత వండేవాడని చెప్పి, ఇందాకటి ప్లేటు అడిగి తీసుకున్నాడు. ట్రక్కుకు ఆనుకుని, చెమట తుడుచుకుంటూ, ఆఖరి ముక్కదాకా తిన్నాడు.

వేణుమాధవ్ ఇంట్లోకి పరిగెత్తాడు. కుక్కర్లు, డేగిసా కడిగి బోర్లించి ఉన్నాయి. కోటమ్మ అల్లుణ్ణి కూర్చోబెట్టి ఆప్యాయంగా గోంగూర పప్పు వడ్డించింది.

ఆ దసరాకు చాండ్లర్‌లో ఎలుగు కూర ఏడు ఇళ్లవాళ్లు తిన్నారు, పట్టుకోవడానికి వచ్చిన పోలీసూ తిన్నాడు. లైసెన్సు ఉన్నవాడికి మాత్రం ఒక్క ముక్కా దక్కలేదు.